గోడ మీద నుంచి ఫ్రిజ్ మీదకు

నెల్లూరులోనో ఒంగోలులోనో కొత్తగా అపార్టుమెంటులోకి మారిన ఇంట్లో పిల్లి కనిపించకపోతే ముందు చూడాల్సింది ఫ్రిజ్ మీద. అక్కడ లేదంటే బీరువా పైన సూట్‌కేసుల సందులో. అక్కడా లేదంటే వాషింగ్ మెషీన్ వెనక. ఆన్‌లైన్‌లో తెప్పించిన మెత్తటి పిల్లి పరుపు మాత్రం హాల్లో ఒక మూల కొత్తగానే పడి ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు మొహం మీద కాలు పెట్టి లేపడం, మన కళ్లలోకి చూస్తూనే టీపాయ్ మీది గ్లాసును కిందికి తోసెయ్యడం, చచ్చిన బల్లిని తెచ్చి దిండు పక్కన పెట్టడం, పిలిస్తే చెవి ఒకటి తిప్పి ఊరుకోవడం... ఇవన్నీ చూసి "దీనికేందో పిచ్చి" అని ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. విడివిడిగా చూస్తే పిచ్చే. కలిపి చూస్తే ఒక డ్యూటీ చార్టు కనిపిస్తుంది. పని పోయింది, షిఫ్టు మాత్రం నడుస్తోంది.

పిల్లిని మనిషి తెచ్చి పెంచుకున్నాడనడం కన్నా, ధాన్యం కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లి వచ్చి చేరాయనడం సబబు. ఇంటి పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో ఎడారి అంచుల్లో తిరిగే అడవి పిల్లి. సుమారు 10,000 ఏళ్ల కిందట పశ్చిమాసియాలో సాగు మొదలై, గింజలు నిల్వ చేసుకోవడం వచ్చాక ఈ చుట్టరికం కుదిరింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి ఎముకల పక్కనే పిల్లి ఎముకలూ బయటపడ్డాయి. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు కాబట్టి ఎవరో పడవలో తీసుకెళ్లి ఉండాలి. అయినా కుక్కను, ఎద్దును మార్చినంతగా మనిషి పిల్లిని మార్చలేదు. మూపురం చూసి, గంగడోలు చూసి, నడక చూసి తరతరాలుగా ఒంగోలు గిత్తను ఎంచుకుంటూ వచ్చిన ప్రాంతంలోనే పిల్లిని ఎవరూ ఎంచలేదు. వచ్చింది, ఉంది, అంతే.

పెన్నా కింద వరి పండే ఊళ్లలోనైనా, గాదెలూ పాతరలూ ఉన్న మెట్ట ఊళ్లలోనైనా "మా పిల్లి" అంటే మా ఇంటికి వచ్చిపోయే పిల్లి అనే అర్థం. నాలుగిళ్లకు ఒకటే పిల్లి, దానికి నాలుగు పేర్లు. ఒక తరం తిరిగేసరికి వడ్ల బస్తాలు పోయి కొట్టు నుంచి 25 కిలోల బియ్యం సంచి వస్తోంది. ఎలుక కనబడితే జిగురు అట్ట పెడుతున్నారు. పిల్లి మూడో అంతస్తులో, మెష్ కొట్టిన కిటికీ లోపల ఉంది. బతుకు ఇంతగా మారినా పిల్లి ఒళ్లు మారలేదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది, అదీ ముందుగా తిండి దగ్గర.

మాంసం ముట్టని ఇళ్లలో పిల్లులు ఎన్నో తరాలు పెరుగన్నంతో బతికాయి. "మా అమ్మమ్మ వాళ్లింట్లో పిల్లి పెరుగన్నం తప్ప ఇంకోటి తినేది కాదు" అని ఎవరైనా అంటే అది అబద్ధం కాదు గానీ సగం నిజం. మిగతా సగం రాత్రిపూట గడ్డివాము దగ్గర, అటక మీద, దొడ్లో జరిగిపోయేది. పిల్లి ఒళ్లు మాంసం లేనిదే నడవదు. టారిన్ అనే పదార్థాన్ని మనిషి, కుక్క ఒంట్లోనే తయారు చేసుకోగలరు. పిల్లి తనకు సరిపడా చేసుకోలేదు. ఎలుకలో, కోడిలో, చేపలో అది దొరుకుతుంది. పెరుగన్నంలో చాలినంత ఉండదు. టారిన్ తగ్గితే రెటీనా దెబ్బతిని మెల్లగా చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. ఆ గుండె జబ్బుకు, టారిన్ లోపానికి ఉన్న సంబంధం 1987లో అమెరికాలో బయటపడ్డాక కంపెనీలు పిల్లుల మేతలో దాన్ని పెంచాయి. క్యారెట్‌లోని రంగు పదార్థం నుంచి విటమిన్ ఏ చేసుకోవడం కూడా పిల్లికి చేతకాదు. తీపి రుచి దానికి తెలియనే తెలియదు. తీపిని పట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో చెడిపోయిందని 2005లో తేలింది. పాయసం గిన్నె నాకుతుందంటే అది పాలమీగడ కోసమే.

అంటే దొడ్డి ఉన్న ఇంట్లో పెరుగన్నం చిరుతిండి. తలుపులు మూసిన ఫ్లాట్‌లో అదే పూర్తి భోజనమైతే రెండేళ్లకో మూడేళ్లకో పిల్లి గోడకు గుద్దుకుంటూ నడిచే స్థితి రావచ్చు. శాకాహారులు పిల్లిని పెంచకూడదని కాదు. వంటింట్లోకి మాంసం రానివ్వలేనప్పుడు కనీసం ప్యాకెట్ మేత పెట్టాలి. పిల్లిని కూడా శాకాహారిని చేస్తామనే పట్టుదల ఎంత ప్రేమతో పట్టినా ఆ జంతువుకు శిక్షే. పాల సంగతీ దాదాపు ఇంతే. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలో బాగుంది గానీ, తల్లి పాలు మానేశాక చాలా పిల్లుల్లో పాలలోని లాక్టోజ్‌ను అరిగించే శక్తి తగ్గిపోతుంది. గిన్నెడు ఆవుపాలు పోస్తే సాయంత్రానికి విరేచనాలు. ఆ లెక్కన పెరుగే కాస్త నయం.

ఇక నెల్లూరు పిల్లి గురించి మాట్లాడుతూ చేపల దగ్గర ఆగకపోతే ఎట్లా. పొద్దున మోపెడ్ మీద ఐసు పెట్టెతో చేపలాయన వీధి మొగలో హారన్ కొట్టగానే పిల్లి బాల్కనీలోకి వస్తుంది. తర్వాత కత్తిపీట వాల్చిన చప్పుడు. రాళ్ల ఉప్పు వేసి రుద్దుతుంటే పొలుసు గరగరలాడే చప్పుడు. ఈ చప్పుళ్ల వరస దానికి కంఠతా వచ్చు. తోక నిటారుగా లేపి, కొసను కొంచెం వంచి, చేపలు కోసే మనిషి మోకాళ్లకు బుగ్గలు రాసుకుంటూ తిరుగుతుంది. తోక అలా లేపడం పిల్లుల్లో స్నేహంగా వస్తున్నానని చెప్పే పద్ధతి. బుగ్గలు రాయడం అక్కడి గ్రంథుల వాసన అంటించి, నువ్వు మా మనిషివని గుర్తు పెట్టడం. ఆ మనిషి ఒక మొప్ప తీసి దాని ముందు వేస్తుంది. అప్పుడు పిల్లి అటూ ఇటూ చూస్తుంది, కాళ్ల ముందున్న ముక్కను వదిలేసి గోడ వైపు వాసన చూస్తుంది. "కళ్లు కనపడటం లేదా?" అని ఒక కసురు పడుతుంది. నిజంగానే సరిగా కనపడదు. దాని కన్ను కొంత దూరంలో కదిలేదాన్ని పట్టుకోవడానికి తయారైంది. పావు మీటరు లోపల ఉన్నవి మసకే. అంత దగ్గరలో పని చేసేవి ముక్కు, మీసాలు. మీసాలు ముందుకు వంచి, ముక్కను తడిమి చూసుకుని, అప్పుడు నోట కరుచుకుంటుంది.

ముచ్చటగానే ఉంటుంది గానీ, రోజూ చేపే పెట్టడం మంచిది కాదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బీ1ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. వారాల తరబడి అదే తింటే పిల్లి తూలుతుంది, మెడ వాలుస్తుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. ఉప్పూ కారం లేకుండా ఉత్త నీళ్లలో ఉడికించి, ముళ్లు తీసి, చికెన్‌తో మార్చి మార్చి పెడితే ఇబ్బంది లేదు. పులుసులో ముక్క మాత్రం ఎంత జాలిగా చూసినా వేయకూడదు. చింతపండూ మామిడికాయా కాదు అసలు సమస్య, అందులోని ఉల్లి, వెల్లుల్లి. అవి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ. చికెన్ కొట్టులో ఊరికే వస్తోంది కదా అని రోజూ లివర్ పెట్టినా విటమిన్ ఏ మితిమీరి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

నీళ్ల దగ్గరా ఎడారి బుద్ధే. దాని పూర్వీకులకు కావాల్సిన తేమలో చాలావరకు ఎలుక మాంసం నుంచే వచ్చేది. మూత్రాన్ని బాగా చిక్కగా చేసి నీటిని పొదుపు చేసుకునే మూత్రపిండాలు పిల్లివి. అందుకే దాహం తక్కువ. తాగడం కూడా ఓ విద్య. నాలుక కొసను నీటి మీద తాకించి వెంటనే లాగితే వెంట ఒక సన్నటి నీటి తీగ లేస్తుంది, అది తెగి పడేలోగా నోరు మూస్తుంది. సెకనుకు సుమారు నాలుగుసార్లు ఇలా చేస్తుందని 2010లో అమెరికా పరిశోధకులు హైస్పీడు కెమెరాతో తీసి చూపించారు. ఇంత తక్కువగా తాగే జంతువుకు పొడి మేత ఒక్కటే పెడితే మూత్రంలో స్ఫటికాలు పేరుకునే ప్రమాదం పెరుగుతుంది. ముఖ్యంగా మగపిల్లి ఇసుక తొట్టిలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ ఉంటే మలబద్ధకం అనుకుని ఆముదం వెతకొద్దు. మూత్రం అడ్డుపడి ఉంటే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అన్నం గిన్నె పక్కన కాకుండా వేరే చోట వెడల్పు గిన్నెలో నీళ్లు పెడితే కొన్ని పిల్లులు ఎక్కువ తాగుతాయి. కుళాయి కింద చుక్కలు పట్టడం, బాత్రూమ్ బకెట్‌లో మూతి పెట్టడం వాటికి ఇష్టమే. అందులో తప్పేం లేదు, బకెట్‌లో ఫినాయిల్ కలిపి ఉండనంతవరకు.

తెల్లవారుజాము గొడవకు వస్తే, పిల్లి రాత్రి జంతువనే మాట పూర్తిగా సరికాదు. తెలవారే ముందు, పొద్దు వాలే వేళ దాని ఒంట్లో చురుకు ఎక్కువ. ఎలుకలు తిరిగే వేళలవి. మనిషికి కావాల్సిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా దానికి చూపు ఆనుతుంది. పిల్లి ఎదురొచ్చే అపశకునానికి మూలం కూడా ఇందులోనే ఉండొచ్చు. తొలి బస్సుకో రైలుకో మనిషి గడప దాటే వేళా, పిల్లి వేట ముగించుకుని గోడ దిగే వేళా ఒకటే. ఎదురుపడకపోతేనే ఆశ్చర్యం. ఫ్లాట్‌లో ఆ వేళకు వేట లేదు కాబట్టి నిద్రపోతున్న మనిషి బొటనవేలు దొరుకుతుంది. ఆ సమయంలో లేచి మేత పెట్టారా, రేపటి నుంచి అదే వేళకు అలారం మోగుతుంది. పడుకునే ముందు తాడుకు గుడ్డపీలిక కట్టి పది నిమిషాలు పరుగెత్తించి, ఆ వెంటనే అన్నం పెడితే వేట, తిండి, నిద్ర అనే వరస పూర్తయి తెల్లారేదాకా ఊరుకునే అవకాశం ఎక్కువ.

ఆ లేపడంలోనూ ఒక తెలివి ఉంది. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. తల్లి దగ్గర పిల్లలు చేసే శబ్దాన్ని పెద్దయ్యాక మనుషుల కోసం దాచుకున్నాయి. గుర్‌గుర్ కూడా ఒకటే రకం కాదు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో గమనించిందేమంటే, ఆకలి మీద చేసే గుర్‌గుర్‌లో సన్నటి ఏడుపు లాంటి శబ్దం కలిసి ఉంటుంది, దాని స్థాయి పసిబిడ్డ ఏడుపుకు దగ్గర. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్లకు వినిపించినా అది తొందరపెడుతున్నట్టే అనిపించింది. పిలుపు విషయంలో మాత్రం ఇంత శ్రద్ధ లేదు. పెంచినవాళ్ల గొంతును, తన పేరును పిల్లి గుర్తుపడుతుందని జపాన్‌లో జరిగిన పరిశోధనల్లో తేలింది. గుర్తుపట్టినంత మాత్రాన రావాలని ఎక్కడుంది? దాని పూర్వీకులు గుంపుగా వేటాడలేదు, పెద్ద పిలిస్తే పరుగెత్తే అవసరం వాటికి రాలేదు.

ఎత్తు సంగతికి వస్తే, వేటాడే పిల్లి తానూ ఇంకొకరికి వేటే. కుక్కకు అందనంత ఎత్తులో, వెనక గోడ ఉండి, ముందున్నదంతా కనిపించే చోటు దానికి కావాలి. ఇదివరకు దూలాలు, పిట్టగోడ, వసారా పెంకు ఉండేవి. పాలూ పెరుగూ దాచడానికి మన పెద్దవాళ్లు ఉట్టి కట్టిందే దాని దూకుడు తెలిసి. ఫ్లాట్‌లో ఆ గోడకు బదులు ఫ్రిజ్ ఉంది, పైగా వెచ్చగా ఉంటుంది. అట్టపెట్టె మోజూ ఇలాంటిదే. నెదర్లాండ్స్‌లో ఒక పిల్లుల ఆశ్రమంలో దాక్కోవడానికి పెట్టెలిచ్చిన పిల్లులు, ఇవ్వనివాటికన్నా త్వరగా టెన్షన్ తగ్గి కుదురుకున్నాయని 2014లో అచ్చయిన పరిశీలన. కాబట్టి దీపావళి రాత్రి, తుపాను గాలికి తలుపులు కొట్టుకునే రాత్రి బీరువా కింద నక్కిన పిల్లిని బుజ్జగించి బయటికి లాగడం సాయం కాదు. మనకు వినిపించే శబ్దాలకు మూడింతల పై స్థాయి దాకా వినే చెవులవి, ఎలుకల కీచుమనే అతిసన్నటి శబ్దం కోసం తయారైనవి. టపాకాయ వాటికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ట్యూబ్‌లైట్ దగ్గర బల్లిని చూస్తూ దవడలు టకటకలాడించడం చాలామంది గమనించే ఉంటారు. అందని వేటను చూసి వచ్చే ఉద్రేకం అది. అందితే మాత్రం తెచ్చి మంచం మీద పెడుతుంది. యజమానికి కానుక అని మురిసిపోయేవాళ్లున్నారు. తన కోటలో భద్రమైన చోటికి సొత్తు చేర్చుకోవడం అనేదే ఎక్కువ పొసిగే వివరణ. బల్లుల వల్ల పిల్లి కాలేయంలోకి చేరే ఒక పరాన్నజీవి ఉష్ణ ప్రాంతాల్లో ఉంది కాబట్టి తిననివ్వకపోవడం మంచిది. ఎలుకల మందు వాడే వీధిలో అయితే మరీ జాగ్రత్త. మందు తిని మత్తుగా తిరిగే ఎలుక పిల్లికి సులువుగా దొరుకుతుంది, ఆ విషం పిల్లికీ ఎక్కుతుంది. గ్లాసు తోయడం వెనక మహా రహస్యమేమీ లేదు. పంజాతో తట్టి కదులుతుందా అని చూడటం వేట అలవాటు. కిందపడి భళ్లుమనగానే ఇంటిల్లిపాదీ పరుగెత్తుకు రావడం బహుమతి.

ఈనిన పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందనేది పాత మాట. ఏడు కాకపోవచ్చు గానీ తిప్పడం నిజమే. ఒకేచోట ఉంటే వాసన పెరుగుతుంది, ఈగలూ గోమార్లూ చేరతాయి, గండుపిల్లి కనిపెడుతుంది. తనవి కాని పిల్లలను గండుపిల్లులు చంపడం ఉంది. తల్లి మెడ వెనక తోలు పట్టి ఎత్తగానే పిల్ల కాళ్లు ముడుచుకుని ఒళ్లు వదిలేస్తుంది, గింజుకోదు. శ్రీవైష్ణవులు మార్జాల కిశోర న్యాయం అన్నది దీన్నే. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లికూన భారమంతా తల్లిదే. శరణాగతికి ఉపమానం వెతికినవాళ్లు ఇంటి వసారాలో ఎంత నిశితంగా చూశారో ఈ ఒక్కటి చాలు. కడుపు కాలం 63 నుంచి 65 రోజులు. ఆరు నెలలైనా నిండకుండానే కొన్ని పిల్లులు ఎదకొస్తాయి. ఏటా ఇంటింటికీ "ఒక పిల్లను తీసుకోండక్కా" అని బతిమాలే బాధ వద్దనుకుంటే ఆపరేషన్ ఒక్కటే దారి. సంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రావడం దారి కాదు.

మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నాటు పిల్లికి 30 డిగ్రీల పైన ఉండే వేడి హాయే, అందుకే మనం చెమటలు కక్కుతుంటే అది మిద్దె మెట్ల మీద ఎండ కాగుతుంది. నలభై దాటాక మాత్రం నాపరాయి మీద పొట్ట ఆనించి చాపలా పడుకుని, ఒళ్లంతా నాకి ఎంగిలి తడితో చల్లబరుచుకుంటుంది. నోరు తెరిచి రొప్పితే ప్రమాదం మొదలైనట్టే. ఈ మధ్య నెల్లూరులో పర్షియన్ పిల్లుల మోజు పెరిగింది. చప్పిడి ముక్కు, దట్టమైన బొచ్చు ఉన్న జంతువును రోహిణీ కార్తెలో కరెంటు పోయే ఊళ్లో పెట్టుకోవడం కన్నా వీధిలోని చారల పిల్లను తెచ్చుకోవడం తెలివైన పని. ఒళ్లు వెచ్చగా అనిపించిందని మనం వేసుకునే పారాసిటమాల్ వేశారో, ఒక్క మాత్రతో చచ్చిపోవచ్చు. దాన్ని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా లేదు. గోరు గీరినా, పన్ను దిగినా మనిషి సబ్బుతో పావుగంట కడుక్కుని రేబిస్ టీకాకు వెళ్లాలి. ఇంటి పిల్లికి ఏటా టీకా వేయించినా ఈ జాగ్రత్త తప్పదు.

ఖాళీ స్థలాల్లో పిచ్చిగా మొలిచే కుప్పింటాకు వేరు కూడా పిల్లికి ఒక వింత మత్తు. మొక్కను పీకి వేరు పడేస్తే కొన్ని పిల్లులు దాని మీద దొర్లుతాయి, నాకుతాయి, చొంగ కారుస్తాయి. అన్నీ చెయ్యవు. విదేశాల్లో క్యాట్‌నిప్ అని ప్యాకెట్లలో అమ్మే మొక్కతో వచ్చే తమాషాయే దాదాపుగా ఇక్కడ చెత్తకుప్ప పక్కన ఊరికే దొరుకుతుంది.

పిల్లి మనిషినా, ఇంటినా నమ్ముకునేది అనే పాత తగువు ఇల్లు మారినప్పుడు బయటపడుతుంది. సొంత ఇల్లు పడగొట్టి బిల్డరుకిచ్చి, రెండు వీధుల అవతల అద్దెకు దిగితే మూడో రోజు పిల్లి మాయం. వెతికితే పాత స్థలంలో, ఇటుకల గుట్ట పక్కన ఇసుక మీద ఉంటుంది. తను వాసన పూసి గీసుకున్న హద్దులన్నీ అక్కడే ఉన్నాయి మరి. కొత్త ఇంట్లో మొదట ఒక్క గదిలోనే పాత దుప్పటి, పాత గిన్నె, పాత ఇసుక కొంచెం పెట్టి అలవాటు చేసి, తర్వాత మిగతా గదులు చూపించాలి. బయటికి వదిలే ఉద్దేశం ఉంటే రెండు మూడు వారాలు ఆగాలి. ఆ తర్వాత కూడా మొదటిసారి ఆకలి మీద ఉన్నప్పుడు, అన్నం పెట్టే వేళకు కాస్త ముందుగా వదలడం మేలు.